రెండడుగుల రెడీమేడ్ అక్వేరియం సెట్: సామాను పర్వాలేదు, జతల లెక్కే చేటు

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ అక్వేరియం దుకాణంలో అడిగినా మొదట చూపించేది రెండడుగుల సెట్టే. 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న అద్దం తొట్టి. పైన ప్లాస్టిక్ మూత, మూతలో ఎల్ఈడీ లైటు, లోపల తగిలించే పవర్ ఫిల్టర్, రంగు రాళ్ల ప్యాకెట్లు, రెండు మూడు ప్లాస్టిక్ మొక్కలు, వెనక అతికించే సముద్రం బొమ్మ, ఒక మేత డబ్బా. వీటితో పాటు "ఐదారు రకాలు, జత జత ఇస్తా సార్, ట్యాంకు నిండుగ కనిపిస్తది" అంటూ టైగర్ బార్బు, ఏంజెల్, గప్పీ వంటి చేపలు. కొన్నిచోట్ల నెలనెలా ఇంటికొచ్చి కడిగిపోయే సర్వీసు కూడా కలుపుతారు.

సామాను వరకు ఈ సెట్టు పెట్టిన డబ్బుకు తగినదే. చేపలు కలిపి ఇచ్చే తీరు మాత్రం తప్పు. కొన్న రెండు మూడు వారాలకే "బార్బులు మిగతావాటిని బతకనిస్తలేవు" అని జనం మళ్లీ దుకాణానికి పోవడానికి కారణం ఆ తీరే. దుకాణంలో దొరికే జవాబు దాదాపు ఒకటే: "అవి రౌడీ చేపలు సార్, తీసేయండి." టైగర్ బార్బు మీద ఈ ముద్ర అన్యాయం. గుంపుగా బతికే చేపను జతగా అమ్మి, అది గుంపులో చేసే పనిని జతలో చేస్తే రౌడీ అనడం సరికాదు.

టైగర్ బార్బు పుట్టిల్లు సుమత్రా, బోర్నియో దీవుల వాగులు. మన చెరువుల్లో వలకు పడే పరకలకు చుట్టమే. పూర్తిగా పెరిగితే 6, 7 సెంటీమీటర్లు ఉంటుంది. పసుపు ఒంటి మీద నాలుగు నల్ల పట్టీలు, రెక్కల అంచున ఎరుపు. గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది ఈ చేపలు రోజూ తేల్చుకుంటూనే ఉంటాయి. అందుకోసం తరుముకుంటాయి, అడ్డం తిరుగుతాయి, పక్కపక్కన నిలబడి రెక్కలు విప్పుకుంటాయి. పది చేపలుంటే ఆ తరుములాట పదింటికీ పంచుకుపోతుంది. దెబ్బ తిన్నది పక్కకు తప్పుకునేలోపే తరిమేదాని చూపు ఇంకోదాని మీద పడుతుంది. రెండే ఉంటే పెద్దదాని దెబ్బలన్నీ రెండోదానికే. మూడుంటే రెండు కలిసి మూడోదాన్ని మూలకు నెడతాయి. నాలుగున్నా అంతే, చివరిది ఎప్పుడూ ఫిల్టరు వెనకే కనిపిస్తుంది. సొంత జాతిలో తరమడానికి తగినన్ని లేనప్పుడు ఆ బుద్ధి పక్క జాతి మీదికి మళ్లుతుంది. ఏంజెల్ చేప కింద వేలాడే పొడుగు రెక్కలు, గౌరామీకి దారాల్లా సాగే రెక్కలు, గప్పీ తోక, మెల్లగా ఈదే గోల్డ్ ఫిష్ ముసుగు తోక, అన్నీ దానికి అందుతాయి. సెట్టుతో వచ్చే జతల జాబితాలో సరిగ్గా ఇవే ఉంటాయి.

కొట్లాట అని కంగారు పడేముందు ఏది మామూలు, ఏది ప్రమాదం అని తేడా తెలియాలి. సమానమైన రెండు మగ బార్బులు పక్కపక్కన తలకిందులుగా వంగి, రెక్కలన్నీ విప్పి గిరగిరా తిరుగుతాయి. రంగు ఇంకా చిక్కబడుతుంది. కొన్ని క్షణాల్లో ఒకటి రెక్కలు ముడుచుకుని తప్పుకుంటుంది, రెండోది వెంటపడదు. దీనికి చేయి పెట్టొద్దు. మగ చేపకు ముక్కు ఎర్రగా మెరుస్తుంది, ఆడది కాస్త లావు, పొట్ట గుండ్రం. తెల్లవారగానే మగది ఆడదాన్ని మొక్కల మధ్యకు తోసుకుంటూ పోతుంటే అది గుడ్ల కోసం చేసే తరుములాట. అదీ ఒకట్రెండు గంటల్లో ఆగుతుంది. పెట్టిన గుడ్లను అవే తినేస్తాయి కాబట్టి పిల్లల ఆశ వద్దు.

ఒకే చేపను, రోజంతా, ఒకే మూలకు తరుముతుంటే మాత్రం ప్రమాదం. ఆ చేప నీళ్ల పైఅంచున, ఫిల్టరు గొట్టం పక్కన నిలబడుతుంది. పట్టీలు వెలిసిపోయి బూడిద రంగుకు వస్తాయి. మేత వేసినా కిందికి రాదు. ట్యాంకు పక్కకు టార్చి పట్టుకుని దాని తోక చూడండి. కొరికిన తోకకు అంచు నుంచి లోపలికి చిన్న అర్ధచంద్రం ఆకారంలో గంటు ఉంటుంది, గంటు చుట్టూ రెక్క పారదర్శకంగా, శుభ్రంగా ఉంటుంది. తోక కుళ్లు రోగమైతే అంచంతా చీలికలుగా, తెల్లగానో నల్లగానో నలిగిపోయి, రోజురోజుకూ ఒంటివైపు పాకుతుంది. చాలామంది కొరికిన గంటును రోగం అనుకుని నీలి మందు పోస్తారు. మందు పోసినా కొరికేది అక్కడే ఉంటుంది కాబట్టి గంట్లు ఆగవు, పైగా నీళ్లను శుభ్రంగా ఉంచే ఫిల్టరులోని మంచి బాక్టీరియా దెబ్బతింటుంది. అయితే కొరికిన చోటే తర్వాత కుళ్లు పట్టడమూ ఉంది, అందుకే నాలుగైదు రోజులు వరుసగా గమనించాలి.

జతల జాబితాలో మిగతావాటి సంగతి. విడో టెట్రా, అంటే నల్ల గౌను తొడిగినట్టుండే టెట్రా, బార్బు కన్నా ఒక మెట్టు తక్కువే కానీ ఇదీ రెక్కలు కొరుకుతుంది, దీనికీ ఆరుకు తగ్గకుండా గుంపు కావాలి. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో అమ్మే కలర్ విడోలు ఎక్కువగా రంగు పట్టించినవే. ఆ రంగు నెలల్లో దిగిపోతుంది, రంగు వేసే పద్ధతిలో చేప దెబ్బతింటుంది కూడా. అవి కొనకండి. ఎర్ర సర్పే టెట్రా చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ చిన్న ట్యాంకులో నాలుగుంటే ఒకదాని రెక్కలు మరొకటి మిగలనివ్వదు. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప, బార్బులతో ఒకే తొట్టిలో ఉంచడమే తప్పు. సిల్వర్ షార్క్ పిల్లను వేలంత ఉన్నప్పుడు అమ్ముతారు, అది ఒక అడుగు దాకా పెరిగే చేప. మిస్ కేరళ అనే డెనిసన్ బార్బు పడమటి కనుమల చేప, అంతరించే ప్రమాదంలో ఉంది. దానికి నాలుగడుగుల ట్యాంకు, కనీసం ఆరు చేపల గుంపు కావాలి. అద్దం శుభ్రం చేస్తుందని కలిపే సక్కర్ చేప అడుగున్నర దాటే రకం. పెద్దయ్యాక దాన్ని భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేయాలన్న ఆలోచన అసలు వద్దు. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునే చేపలు ఈ కుటుంబానివే.

మరి ఈ రెండడుగుల తొట్టిలో ఏం పెట్టొచ్చు? లెక్క వేద్దాం. దుకాణంలో 70 లీటర్ల ట్యాంకు అంటారు. అంచుదాకా నింపితే అంతే. అడుగున అంగుళంన్నర రాళ్లు, పైన రెండంగుళాల ఖాళీ వదిలితే నిజంగా పట్టే నీళ్లు 54, 55 లీటర్లు. ఇందులో టైగర్ బార్బులు 8 పెట్టొచ్చు. ఇంకేమీ వద్దు. ఒకే జాతి ఎనిమిది చేపలంటే ట్యాంకు బోసిగా ఉంటుందని అనుకుంటారు కానీ ఎనిమిది బార్బులు కలిసి తిరిగినప్పుడు ఐదు జాతుల జతల కన్నా ఈ తొట్టి ఎక్కువ నిండుగా కనిపిస్తుంది. ఆకుపచ్చ బార్బు, తెల్ల బార్బు కూడా ఇదే జాతి రంగు రకాలు. మూడు రంగులూ కలిపి ఎనిమిది చేసుకున్నా గుంపు గుంపే. పది, పన్నెండు కావాలంటే మూడడుగుల ట్యాంకుకు పోవాలి. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు ఉంటే రాళ్లు, ఖాళీ పోను 120 లీటర్ల పైన నిలుస్తాయి. చేపకు అవసరమైంది పొడవే కానీ ఎత్తు కాదు. తరిమే చేప నుంచి దూరం పోవడానికి అడ్డంగా చోటుండాలి. అందుకే అందంగా ఉన్నా నిలువు ట్యాంకులు బార్బులకు పనికిరావు.

ఏంజెల్ చేపలే కావాలంటే బార్బులు వదిలేయండి, రెండూ కుదరవు. శాంతంగా ఉండే గుంపు కావాలంటే శ్రీలంక చెర్రీ బార్బులు 8 పెట్టుకోండి. అవి ఎర్రగా, నెమ్మదిగా ఉంటాయి, కొరికే గుణం తక్కువ. జీబ్రా డేనియోలు కూడా ఈ తొట్టికి బాగా నప్పుతాయి, అవి తరుముకున్నా గాయాలు అరుదు. నియాన్ టెట్రాకు మన ఎండాకాలం పడదు, ఏసీ గది లేకుండా తీసుకోవద్దు.

ఇక సామాను. అద్దం 5 ఎంఎం, అతుకుల సిలికాన్ చాలావరకు శుభ్రంగానే వేస్తున్నారు. కొనేముందు మూలల్లో సిలికాన్లో గాలి బుడగలున్నాయా అని వేలితో తడిమి చూడండి. ఇంటికొచ్చాక సమంగా ఉన్న బల్ల మీద, అరంగుళం మందం థర్మాకోల్ పరిచి, నీళ్లు నింపి 24 గంటలు వదలండి. అద్దం, రాళ్లు, నీళ్లు కలిపి 75 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు, గోడకు కొట్టిన చెక్క అర వంటివి మోయవు.

సెట్టులోని రాళ్లతోనే పెద్ద ఇబ్బంది. ఈ తొట్టికి అంగుళంన్నర మందం కావాలంటే 10 కిలోల చిల్లర రాళ్లు పడతాయి. చాలా సెట్లలో ఇచ్చేది అందులో సగమే. పైగా నీలం, గులాబీ రంగు పూసిన రాళ్లు. లేత రంగు అడుగు మీద బార్బుల రంగు వెలిసిపోతుంది, పైనుంచి మెరిసే లైటు పడితే బెదురు పెరుగుతుంది. ఆ ప్యాకెట్లు వెనక్కిచ్చి ముదురు రంగు గులకరాళ్లు తీసుకోండి. కరీంనగర్ వైపు దొరికే నల్ల గ్రానైటు ముక్కలు మంచివే, అవి నీళ్లలో ఏమీ వదలవు. తెల్ల చలువరాయి ముక్కలు వేయొద్దు. వాటిలో సున్నం ఉంటుంది, నీళ్ల గట్టితనాన్ని (కరిగిన ఖనిజాల పాలును), పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) పెంచుతూనే ఉంటుంది. అనుమానముంటే రాయి మీద నిమ్మరసమో వెనిగరో నాలుగు చుక్కలు వేయండి. నురగ బుడగలొస్తే అది సున్నపు రాయి.

ఫిల్టరు పెట్టె మీద గంటకు 400 లీటర్లు అని రాసినా స్పాంజి మురికి పట్టాక సగానికి పడిపోతుంది. 55 లీటర్ల నీళ్లు గంటకు మూడు నాలుగు సార్లు తిరిగితే చాలు, కాబట్టి ఆ ఫిల్టరు సరిపోతుంది. బార్బులు వాగు చేపలు, పారే నీళ్లంటే ఇష్టం. ఫిల్టరు మూతి నీళ్ల పైపొరను కదిపేలా పెట్టండి. దానితో పాటు గాలి పంపుకు తగిలించే చిన్న స్పాంజి ఫిల్టరు ఒకటి విడిగా కొనండి. ఒకటి కడిగినప్పుడు రెండోదానిలో బాక్టీరియా బతికుంటుంది, గాయపడ్డ చేపను వేరే టబ్బులో ఉంచాల్సొస్తే అదే అక్కరకొస్తుంది.

ప్లాస్టిక్ మొక్కలు అంతగా బాగుండవు. కోసైన అంచులు రెక్కలకు గీరుకుంటాయి. మెత్తటి పట్టు బట్ట మొక్కలు, లేదా వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి నిజమైన మొక్కలు మేలు. హైడ్రిల్లా చెరువుల్లోనూ దొరుకుతుంది కానీ అక్కడినుంచి తెస్తే నత్తలు, పరాన్న జీవులు వెంటొస్తాయి. దుకాణంలో కొన్నదైనా బకెట్లో వారం ఉంచి కడిగి వేయండి. మొక్కలను వెనక గోడ పొడవునా బారుగా నాటడం అలవాటు. తరుములాట తగ్గాలంటే అది సరికాదు. మొక్కలు, ఒక చెట్టు మొద్దు కలిపి పొడవులో మూడింట ఒక వంతు దగ్గర అడ్డంగా పెట్టండి, ముందు అద్దం దగ్గరిదాకా రావాలి. తరిమే చేపకు పారిపోయేది కనపడకపోతే చాలు, అక్కడితో ఆగుతుంది. రెండు వైపులా దారి ఉండాలి, ఒకవైపే తెరిచి ఉంటే అది బోను అవుతుంది.

మూతలోని లైటు ఎనిమిది గంటలకు మించి వెలగకూడదు. చాలా ఇళ్లలో పొద్దున వేసి రాత్రి పడుకునేదాకా వదిలేస్తారు. చేపకు విశ్రాంతి లేక చిరాకు, ట్యాంకుకు పాచి. ప్లగ్గుకు టైమరు పెట్టుకుంటే ఆ బాధ లేదు. మేత డబ్బాలోని గింజలు చిన్న బార్బు నోటికి పెద్దవి. నలిపి వేయాలి. మేత ఒకే చోట వేస్తే పెద్ద చేప ఆ చోటును కాపలా కాస్తుంది. రెండు చివర్లా, ఒకేసారి, చిటికెడు చిటికెడు వేయండి. రెండు నిమిషాల్లో అయిపోవాలి, పూటకు ఒకసారి, రోజుకు రెండుసార్లు. ఆకలితో ఉన్న బార్బే ఎక్కువ కొరుకుతుంది, అలాగని మిగిలిపోయేంత వేస్తే నీళ్లు పాడై అదే నష్టం. వారానికి రెండుసార్లు ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠానీ నలిపి వేయండి, బార్బులు ఆకుకూర కూడా తింటాయి.

నీళ్ల విషయంలో సెట్టు అమ్మేవాళ్లు చెప్పేది మరీ తక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు గాలి పంపుతో తిప్పండి, లేదా దుకాణంలో యాంటీ క్లోరిన్ అని అమ్మే మందును సీసా మీది కొలతతో కలపండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ మన రాతి నేలల్లో గట్టితనం ఎక్కువ. ఫామ్‌లో పుట్టిన బార్బులు కొంత గట్టి నీళ్లను తట్టుకుంటాయి. మరీ ఉప్పగా ఉంటే బోరు నీళ్లలో సగం ఆర్ఓ నీళ్లు కలపండి. ఉత్త ఆర్ఓ నీళ్లతో ట్యాంకు నింపొద్దు, అందులో ఖనిజాలుండవు, పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది.

"రేపే చేపలు వేసుకోవచ్చు" అనే మాట మాత్రం నమ్మొద్దు. చేపల మలం, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేటుగా మార్చే బాక్టీరియా కొత్త ఫిల్టరులో ఉండదు. అది పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపల్లేకుండా ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. తెలిసినవాళ్ల పాత ట్యాంకు స్పాంజి మురికి పిండి తెచ్చుకుంటే ఈ గడువు సగానికి తగ్గొచ్చు. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించి, నైట్రేటు కనిపించాకే చేపలు. మామూలుగా "కొత్త ట్యాంకులో రెండు చేపలతో మొదలుపెట్టి వారం వారం కలుపుకుంటూ పోండి" అంటారు. చాలా చేపలకు అది సరైన సలహానే. బార్బులకు మాత్రం బెడిసికొడుతుంది. ముందొచ్చిన రెండూ తొట్టి అంతా తమదే అనుకుని, తర్వాత వచ్చినవాటిని అడుగు పెట్టనివ్వవు. ఎనిమిదీ ఒకే ఈడువి, ఒకే లాటులోవి, ఒకేరోజు దించాలి. అంత భారం ఒక్కసారిగా మోయాలంటే ఫిల్టరు ముందే సిద్ధంగా ఉండాలి. ఈ ఒక్క విషయం తెలియకే చాలా ట్యాంకుల్లో కొట్లాట మొదలవుతుంది.

ఎండాకాలం ఇక్కడ వేరే లెక్క. మే నెలలో బయట 42 దాటితే గదిలో నీళ్లు 31, 32 డిగ్రీలకు పోతాయి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. చేపకు మాత్రం వేడికి ఆకలి, కదలిక రెండూ పెరుగుతాయి. ఊపిరి చాలక మొప్పలు గబగబా కొట్టుకుంటున్న చేప మిగతావాటి నుంచి తప్పించుకోలేదు. మూత తీసి, బార్బులు ఎగరకుండా వల కప్పి, చిన్న ఫ్యానును నీళ్ల పైపొర మీదికి తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్లను రోజూ నింపాలి. ఐసు ముక్కలు వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే చేప జబ్బు పడుతుంది. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలి పంపు తప్పనిసరి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నీళ్లు 20కి దిగిపోతాయి కాబట్టి 50 వాట్ల హీటరు 25 దగ్గర పెట్టాలి. సెట్టులో అది ఉండదు, విడిగా కొనాల్సిందే.

ఇప్పటికే జతల సెట్టు కొని కొట్లాట మొదలైందా? ముందు నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైటు ఏమాత్రం ఉన్నా మూడో వంతు నీళ్లు మార్చి, మేత సగం చేసి, అవి సున్నాకు వచ్చేదాకా కొత్త చేప కొనొద్దు. అదే రోజు తోక తెగిన చేపను 20 లీటర్ల టబ్బుకు మార్చండి, స్పాంజి ఫిల్టరుతో. టబ్బులో 20 నుంచి 30 గ్రాముల దొడ్డు ఉప్పు కరిగించి పోయాలి. రోజూ నాలుగు లీటర్లు మార్చి, మార్చిన నీటికి తగ్గ ఉప్పు మాత్రమే కలపాలి. శుభ్రమైన నీళ్లలో చిన్న గంట్లు రెండు మూడు వారాల్లో పూడుకుంటాయి. తర్వాత ఏంజెల్, గౌరామీ, గప్పీ, గోల్డ్ ఫిష్ దుకాణానికి వెనక్కి పోవాలి. ఇది మనసుకు కష్టమే, కానీ బార్బుల గుంపు పెంచినా పొడుగు రెక్కల చేపలకు పూర్తి భద్రత ఉండదు. బార్బులను ఎనిమిది చేయడానికి ఆరు కొత్తవి తెస్తే వాటిని ముందు వేరే టబ్బులో రెండు వారాలు ఉంచండి. తెల్ల మచ్చల రోగం ఉంటే ఆ గడువులో బయటపడుతుంది.

కలిపే రోజు పాత బార్బులు రెండింటినీ బకెట్లోకి తీసి, మొక్కలు, మొద్దు, రాళ్లు అన్నీ చోటు మార్చండి. కొత్తవాటిని ముందు దించండి. గంట తర్వాత పాతవాటిని. లైటు ఆర్పే ఉంచి మరునాడు పొద్దున వేయండి. మొదటి రెండు మూడు రోజులు తరుములాట పెరుగుతుంది, గాయాలు లేకపోతే జోక్యం వద్దు. వారమైనా ఒకే చేప ఒకదాన్నే వదలకుండా తరుముతుంటే ఆ తరిమేదాన్ని టబ్బులో నాలుగైదు రోజులు ఉంచి తిరిగి దించండి. అప్పటికి గుంపులో వరుస మారి ఉంటుంది, అది కిందినుంచి మొదలుపెట్టాలి. చాలామంది దెబ్బతిన్నదాన్ని తీస్తారు, అలా చేస్తే తరిమేది వెంటనే ఇంకోదాన్ని ఎంచుకుంటుంది. గాయమున్నప్పుడు దెబ్బతిన్నదాన్ని తీయాల్సిందే, గాయం లేనప్పుడు తీయాల్సింది తరిమేదాన్నే.

నెలవారీ కడిగే సర్వీసు విషయానికొస్తే, ఇప్పుడు జరుగుతున్న తీరులో దానికి డబ్బు పెట్టొద్దు. వచ్చినవాళ్లు చేపలను మగ్గులోకి తీస్తారు, నీళ్లన్నీ తోడేస్తారు, రాళ్లను బకెట్లో రుద్ది కడుగుతారు, స్పాంజిని నల్లా కింద తెల్లగా అయ్యేదాకా పిండుతారు. అద్దం తళతళలాడుతుంది, చూసేవాళ్లకు తృప్తి. నెల రోజుల పాటు పెరిగిన బాక్టీరియా మొత్తం ఆ నల్లా క్లోరిన్‌తో పోతుంది. రెండో రోజో మూడో రోజో నీళ్లు మసకబారతాయి, చేపలు పైకొచ్చి గుటకలు వేస్తాయి. పైగా ప్రతి నెలా మొక్కలు, బొమ్మలు చోటు మారడంతో గుంపు వరుస మళ్లీ మొదటికొస్తుంది, తరుములాట మళ్లీ మొదలు. సర్వీసు కావాలనుకుంటే మనిషికి ఇలా చెప్పి చేయించుకోండి: వారానికి ఒకసారి 12 నుంచి 14 లీటర్లు, అంటే ఒక బకెట్, సైఫన్ గొట్టంతో రాళ్ల మధ్య మురికి లాగుతూ తీయాలి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండాలి. మొక్కలు కదపొద్దు. కొత్త నీళ్లు క్లోరిన్ తీసినవి, అదే వేడిమివి. ఇదంతా పావుగంట పని, ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

దుకాణంలో డబ్బు కట్టేముందు మూడు విషయాలు తేల్చుకోండి. చేపలు జతల్లో కాకుండా ఒకే రకం ఎనిమిది ఇస్తారా? కుదరని చేపను వారంలో వెనక్కి తీసుకుంటారా? రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్కల బదులు ధర తగ్గిస్తారా, లేక ముదురు రాళ్లు, స్పాంజి ఫిల్టరు ఇస్తారా? అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, అడగకపోతే సెట్టులో ఉన్నదే కట్టిస్తారు. ఇక్కడి దుకాణాలకు చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు వైపు నుంచి రాత్రి ప్రయాణంలో సంచుల్లో వస్తాయి. లోడు వచ్చిన రోజు కొనొద్దు. నాలుగైదు రోజులాగి పోయి, దుకాణం ట్యాంకులో మేత వేయించి చూడండి. ఎనిమిదీ మేత మీదికి దూకాలి, రెక్కలు విప్పి ఉండాలి, పట్టీలు నల్లగా తేలాలి. ఒకటి మూలన నిలబడి ఉంటే దాన్ని గుంపులో కలిపి ఇస్తామన్నా తీసుకోవద్దు. ఇంటికొచ్చాక సంచిని పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత అరగంట సేపు ఐదు నిమిషాలకోసారి అర గ్లాసు ట్యాంకు నీళ్లు సంచిలో పోసి, వలతో చేపలను మాత్రమే దించండి. సంచి నీళ్లు ట్యాంకులోకి పోకూడదు.